ఆరుద్ర పురుగు చెబితేనే వాన

ఒకప్పుడు ఆరుద్ర పురుగు ఎర్రగా ఉండేది కాదు. ఇప్పుడు మనం దాన్ని అరచేతిలో పెట్టుకుని, ముఖమల్ గుడ్డ ముక్కకు కాళ్ళొచ్చాయని మురిసిపోతాం గానీ, ఆ రోజుల్లో అది దుమ్ము రంగులో ఉండేది. దుమ్ములోనే తిరిగేది. దానికి పేరు కూడా లేదు. "ఏయ్ పురుగూ" అనేవాళ్ళు. అది కూడా పిలవాల్సిన అవసరం పడితేనే.

ఆ రోజుల్లో ఆకాశానికి కార్తెలూ లేవు. ఇప్పుడంటే మృగశిర పోతే ఆరుద్ర, ఆరుద్ర పోతే పునర్వసు అంటూ పద్నాలుగేసి రోజులకు ఒక కార్తె మారుతోంది. అప్పుడలా కాదు. నల్లగుట్ట కొసన పెద్ద బండ ఒకటి ఉండేది. దాని మీద ఎవరు కూర్చుంటే ఆకాశం వాళ్ళది. ఒకసారి కూర్చున్నవాళ్ళు దిగడమంటూ ఉండేది కాదు.

ఆ బండ మీద ఎన్నో ఏళ్ళుగా వడగాలి కూర్చుని ఉంది. దాని పాలన గురించి చెప్పాలంటే నాకిప్పుడు కూడా గొంతు ఎండుతుంది. పొద్దున్నే ఊదడం, మధ్యాహ్నం ఊదడం, సాయంత్రం కాస్త అలిసిపోయి మెల్లగా ఊదడం. ఇదొక్కటే దానికి తెలిసిన పని. చెరువు మోకాలి లోతుకు వచ్చింది. చెట్లు ఆకులు రాల్చుకుని నిలబడ్డాయి. గేదెలు గంపెడు బురద కోసం కొట్లాడుకున్నాయి.

గుట్ట కింద కొంరవ్వ అనే ముసలామెకు ఒక చెలక, అదే మెట్ట చేను, ఉండేది. ఆమె కుండలో జొన్న విత్తనాలు రెండేళ్ళుగా అలాగే పడి ఉన్నాయి. వేద్దామంటే నేలలో తడి లేదు.

మన పురుగు మాత్రం తెలివిగా బతికేది. చెలకలో మూరెడు లోతుకు దిగితే మట్టి కాస్త చల్లగా ఉండేది. గుడ్లన్నీ అక్కడ దాచుకుని కాపలా కాసేది. ఆ చల్లదనానికి గుడ్లు చావవు, అలాగని పిల్లలూ కావు. పిల్లలు కావాలంటే వాన తడి తగలాలి. ఆ వాన కోసం అది ఎదురుచూస్తూ ఉండేది.

అలాంటప్పుడు పడమటి నుంచి, సముద్రం దాటి, కారుమబ్బు వచ్చింది.

అబ్బో, ఏం మబ్బు! ఏనుగుల మందను తెచ్చి ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుంది. గొంతు విప్పితే గుట్టలు అదిరాయి.

"ప్రియమైన ప్రాణులారా!" అంది.

అంతకుముందు వాళ్ళనెవరూ అలా పిలవలేదు. ఆ ఒక్క పిలుపుకే సగం మంది మెత్తబడిపోయారు.

"ఎంతకాలం ఈ ఎండ? ఎంతకాలం ఈ దాహం? నన్ను ఆ బండ మీద కూర్చోబెట్టండి. పది రోజులు చాలు. పదో రోజుకు మీ చెరువు అలుగు పారకపోతే నా పేరు కారుమబ్బే కాదు!"

అలుగు పారడం! ఆ మాట వినగానే చెరువుకు కళ్ళనీళ్ళు వచ్చాయి. ఉన్న కాసిని నీళ్ళలో అవి కూడా ఖర్చయ్యాయి.

ఇక ఊరుకుంటారా ఎవరైనా? చింతచెట్లు కొమ్మలు ఊపాయి. నెమళ్ళు పింఛాలతో విసిరాయి. గద్దలు రెక్కలతో కొట్టాయి. మబ్బుకు బలం చాలాలని చెరువు తన నీళ్ళలో సగం ఆవిరి చేసి పైకి పంపింది. మూడు రోజులు పోరాడితే వడగాలి బండ మీంచి జారి గుట్ట వెనక పడింది. గుట్ట మీది చెట్లు కారుమబ్బు అంచులు పట్టుకుని లాగి, బండ మీద కూర్చోబెట్టాయి.

ఆ రోజు సంబరం చూడాలి! కప్ప డప్పు కొట్టింది. కొంగలు ఒంటికాలి మీదే చిందేశాయి. కొంరవ్వ కుండ దించి, విత్తనాలు ఒడిలో పోసుకుని, పొడి దుక్కిలోనే చల్లేసింది.

"ఎట్లైనా పది దినాల్ల వాన వడ్తది. ముందుగాల ఏసుకుంటే ముందుగాల మొలుస్తయ్," అంది.

మన పురుగు కూడా అదే తప్పు చేసింది. మూరెడు లోతు నుంచి గుడ్లను ఒక్కొక్కటే వీపున మోసుకుని, బెత్తెడు లోతుకు తెచ్చి పెట్టుకుంది. తొలి చినుకు తడి అక్కడికి ముందు చేరుతుందని దాని ఆశ. మొత్తం నూట పన్నెండు గుడ్లు. మోసి మోసి దాని నడుం వంగిపోయింది.

పక్కనుంచి పోతున్న చీమ ఆగి, "పైన వేడి ఎక్కువుంటదే. ఇరవై దినాలకు మించి ఆగయ్ నీ గుడ్లు. పై మట్టికి అతుక్కున్నంక మళ్ల కిందికి దించుడు కూడ కాదు, పగులుతయ్," అని హెచ్చరించింది.

"ఇరవై దాంక ఎందుకే? మబ్బు పది దినాలే అన్నడు గద," అంది పురుగు.

పదో రోజు వచ్చింది. అందరూ తలలెత్తి నిలబడ్డారు. కారుమబ్బు గట్టిగా ఉరిమింది.

"ప్రియమైన ప్రాణులారా! పాత గాలి చేసి వెళ్ళిన పాడు ఇంతా అంతా కాదు. ఆకాశం నిండా పగుళ్ళే. ముందు అవి పూడ్చాలి. ఇంకో నాలుగు రోజులు ఓపిక పట్టండి."

నిజమే కాబోలు అనుకున్నారు. నాలుగు రోజులూ గడిచాయి.

"మెరుపును పంపిస్తున్నాను," అంది మబ్బు. "ఎక్కడ ఎంత ఎండిందో అన్నీ చూసి వస్తుంది."

మెరుపు వచ్చింది. కన్ను మూసి తెరిచేలోగా వెళ్ళిపోయింది. అంత తొందరలో అది ఏం చూసిందో ఎవరికీ తెలియదు.

తర్వాత మబ్బు ఇంకో ఉపాయం పట్టింది. కప్పను పిలిపించి, దాని నెత్తిన రోజుకొక చినుకు వేయడం మొదలుపెట్టింది. ఒక్కటంటే ఒక్కటే. కప్పకు అది చాలు. గట్టు గట్టుకూ గెంతుతూ, "వాన వడ్డది! బెక బెక! వాన వడ్డది!" అని అరిచింది.

"ఏడ వడ్డదే?" అని అడిగింది కొంరవ్వ.

"నా నెత్తి సూడరాదు, తడి లేదా?"

"నీ నెత్తి మీద జొన్నలు మొలుస్తయా?"

కప్ప ఆ మాట వినబడనట్టు పక్క గట్టుకు గెంతింది.

ఇలా ఉండగా, గుట్ట వెనక పడ్డ వడగాలి చచ్చిపోలేదు. అది అంత తేలిగ్గా చచ్చే రకం కాదు. బండల సందుల్లోంచి సన్నగా ఊదుతూ, ఒక్కొక్కరి చెవిలో చెప్పడం మొదలుపెట్టింది.

"ఏమాయె మీ వాన? నేనెన్నడన్న మీకు మాటిచ్చిన్నా? ఇయ్యని మాట తప్పలే గద. ఎండిస్త అన్న, ఎండిచ్చిన. నా లెక్క మాట మీద నిలబడేటోడు ఇంకొకడున్నడా?"

మనకు నవ్వొస్తుంది గానీ, కడుపు కాలినవాళ్ళకు అది నిజంలాగే వినిపిస్తుంది. ముందు కాకి మారింది.

"పెనం మీదికెళ్లి పొయ్యిల వడ్డం," అంది కాకి. "మళ్ల పెనమే ఎక్కుదాం. వడగాలినే తెచ్చుకుందాం."

గేదె కూడా తలూపింది. చెరువుకు ఇప్పుడు చీలమండ లోతు నీళ్ళే ఉన్నాయి. మాట్లాడే ఓపిక లేదు.

పదిహేడో రోజున పురుగు తన గుడ్ల దగ్గర చెవి పెట్టి విన్నది. పెంకులు ముడతలు పడ్డాయి. లోపల మాత్రం పిల్లలు ఇంకా కదులుతున్నాయి. ఇక మిగిలింది మూడు రోజులు. ఈ మబ్బే ఉంటే మూడు రోజుల్లో గుడ్లు ఎండిపోతాయి. వడగాలి తిరిగొస్తే ఒక్క పూటలో మాడిపోతాయి.

పురుగుకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఆవగింజంత ఒంట్లో అంత కోపం ఎలా పట్టిందో నాకూ తెలియదు.

చెలక గట్టున బూరుగు కాయ పగిలి దూది ఎగురుతోంది. పురుగు ఒక పింజ పట్టుకుని వేలాడింది. గుట్ట వెనక నుంచి వడగాలి ఊదుతూనే ఉంది కదా, ఆ వేడికి పైపైకి లేచి నల్లగుట్ట కొసకు చేరింది.

"ఎవరది?" అంది కారుమబ్బు.

"నేను దొరా. కింద చెలకల ఉండే పురుగును. మీరు పది దినాలన్నరు. పదిహేడాయె. నా గుడ్లు ఎండుతున్నయ్, కురువుండ్రి."

"కురుస్తాను. తప్పకుండా కురుస్తాను. అందుకు సమయం రావాలి."

"ఎప్పుడొస్తది?"

"త్వరలోనే."

"త్వరలో అంటే ఎల్లుండికా, ఆవలెల్లుండికా?"

మబ్బు అటూ ఇటూ చూసింది. చుట్టుపక్కల ఎవరూ లేరు. పురుగుకు చెబితే ఏమవుతుందిలే అనుకున్నదేమో, గొంతు తగ్గించింది.

"పిచ్చిదానా, నన్ను చూడు. ఇంత గొప్పగా ఎందుకున్నాను? నీళ్ళున్నాయి కాబట్టి. కురిస్తే ఏం మిగులుతాను? నువ్వు పట్టుకొచ్చిన ఆ దూది పింజంత అవుతాను. పింజను ఎవరైనా ఈ బండ మీద కూర్చోనిస్తారా?"

పురుగుకు సంగతి అర్థమైంది. నీళ్ళు లేక కాదు! ఆకాశానికి పగుళ్ళు పడీ కాదు! వానిస్తానని గద్దె ఎక్కిన మబ్బు, వానిస్తే గద్దె పోతుందని కురవడం లేదు.

అప్పుడే దానికి కారుమబ్బు వీపు వెనక ఏదో కదులుతూ కనిపించింది. చూస్తే పడమటి ఆకాశం పొడుగునా పిల్లమబ్బులు బారులు తీరి ఉన్నాయి.

"గవి ఎవరియి దొరా?"

"అవా? చిన్నవి. వాటికేం తెలుసు? నేను దారి ఇవ్వనిదే ఒక్కటీ ఇటు రాలేదు."

వరసలో ముందున్న పిల్లమబ్బు ఎగిరెగిరి అరిచింది. "అక్కా! నా పేరు ఆరుద్ర! ఈ పెద్దాయన కొంచెం జరిగితే నేనిప్పుడే కురుస్త!"

పురుగు ఇంకొకటి కూడా చూసింది. కారుమబ్బు బండ మీద తనంతట తాను నిలబడలేదు. గుట్ట మీది చెట్లు దాని అంచులు గట్టిగా పట్టుకుని ఉన్నాయి. కింద నుంచి, పాపం ఆ చెరువు, ఇంకా ఆశతో ఆవిరి పంపుతూనే ఉంది. ఆ ఆవిరి తాగి మబ్బు ఇంకా లావెక్కుతోంది.

"ఇగ సూడు," అనుకుంది పురుగు. దూది పింజ వదిలేసి కిందికి దూకింది.

ఆ సాయంత్రమే చెరువు గట్టు మీద అందరూ చేరారు. పిలవకపోయినా వడగాలి కూడా బండ సందులోంచి తల పెట్టింది. పురుగు కొంరవ్వ బొటనవేలి గోరు మీదికి ఎక్కింది. దాని గొంతు చిన్నది కదా, అది ఒక మాట అంటే కొంరవ్వ ఆ మాటనే గట్టిగా అందరికీ చెప్పింది.

"దొర కురవడు," అని చెప్పింది కొంరవ్వ. "కురిస్తే చిన్నగైతడట. అందుకే నీళ్లు కడుపుల వెట్టుకొని కూసున్నడు."

ఒక్కసారిగా గోల లేచింది. కాకి రెక్కలు కొట్టుకుంటూ, "నేను జెప్పలే? వడగాలినే తెద్దాం!" అని అరిచింది. సందులోంచి వడగాలి ముసిముసిగా నవ్వింది.

"ఆగు కాకన్నా," అంది పురుగు కొంరవ్వ గొంతుతో. "ఒకని దించి ఇంకొకని ఎక్కిస్తే మనకు మిగిలేదేంది? ఎక్కినోడు ఎన్నటికి దిగకపాయె. అందుకే వాడు ఆ బండను సూసుకుంటడు గని మనలను సూడడు. ఇగ మీదట ఎవ్వలెక్కినా పద్నాలుగు దినాలే. మంచిగ చేసినా దిగాలె, చెయ్యకున్నా దిగాలె. ఎట్లైనా దిగుడే ఉన్నంక, నీళ్లు దాసుకొని ఎవడేం జేసుకుంటడు?"

చింతచెట్టు తల గోక్కుంది. ఇన్నేళ్ళుగా ఈ మాట ఎవరికీ ఎందుకు తట్టలేదబ్బా అని అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"మరి నా సంగతేంది?" అంది వడగాలి.

"నీకు కూడ పద్నాలుగు దినాలే. రోళ్లు పగిలేటట్టు ఊదుకో. అయిపోయినంక దిగు."

వడగాలి లెక్క వేసుకుంది. గుట్ట వెనక పడి ఉండటం కంటే అదే మేలు. గుడ్డి కన్నా మెల్ల నయం కదా. "సరే తియ్," అంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని మన పెద్దవాళ్ళు అంటుంటారే, ఆ పద్నాలుగు రోజులు దానివే.

"అంత మంచిగనే ఉంది," అంది చింతచెట్టు. "ఎక్కినోడు కురిసిండా లేదా, ఎవరు జెప్తరు?"

"నేను!" అంటూ కప్ప ఎగిరింది.

అందరూ కప్ప వైపు చూశారు. కప్ప కళ్ళు దించుకుంది.

"నేను జెప్త," అంది పురుగు. "బెత్తెడు లోతుల నా గుడ్లున్నయ్. ఆడి దాంక తడొస్తేనే అది వాన. నేను పైకొచ్చి చెప్పేదాంక ఎవ్వలు సంబరపడొద్దు. డప్పు కొట్టొద్దు."

తెల్లవారింది. ఆ రోజు చెరువు తామరాకులన్నీ దగ్గరికి లాక్కుని నిండుగా కప్పుకుంది. చెంచాడు ఆవిరి కూడా పైకి పోలేదు. గుట్ట మీది చెట్లు మబ్బు అంచులు వదిలేశాయి. బండ మీద కారుమబ్బు అటూ ఇటూ ఊగింది.

"ప్రియమైన ప్రాణులారా! ఏమిటిది?"

కొంరవ్వ పొద్దున్నే ఇల్లిల్లూ తిరిగింది. ఊళ్ళోని ఆడవాళ్ళందరూ చేటలు పట్టుకుని గుట్ట ఎక్కారు. గాలి లేని రోజు కళ్ళంలో తాలు ఎగరగొట్టడానికి చేటలతో విసురుతారు చూడండి, అలాగే వరసగా నిలబడి విసరడం మొదలుపెట్టారు. నెమళ్ళు వచ్చి పక్కన నిలబడ్డాయి. గద్దలు వచ్చాయి. తన పద్నాలుగు రోజుల మీద ఆశతో వడగాలి కూడా ఒక ఊదు ఊదింది.

"ఇంకొక్క నాలుగు రోజులు!" అని అరిచింది మబ్బు.

"విసురుండ్రే!" అని అరిచింది కొంరవ్వ.

కారుమబ్బు బండ మీంచి జారింది. పట్టుకుందామంటే కొమ్మ దొరకలేదు. దొర్లుతూ దొర్లుతూ గుట్ట కింది తాటితోపు మీద పడింది. తాటి మట్టలు మామూలువా? రంపాల్లా ఉంటాయి. మబ్బు కడుపు సర్రున చిరిగింది.

"అయ్యో, నా నీళ్ళు!"

నీళ్ళు ధారలు ధారలుగా పడ్డాయి. అడ్డం తొలిగిందో లేదో, ఆరుద్ర పరుగెత్తుకుంటూ వచ్చి బండ ఎక్కింది. వచ్చీ రాగానే కురవడం మొదలుపెట్టింది.

వాన! ఏళ్ళ తర్వాత నిజం వాన!

కానీ ఒక్కరూ చిందేయలేదు. తడుస్తూ నిలబడి, అందరూ నేల వైపు చూస్తున్నారు. కప్ప నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది. కొంరవ్వ చెలకలో మోకాళ్ళ మీద కూర్చుని కళ్ళు ఆర్పకుండా చూస్తోంది. ఆమె విత్తనాలు కూడా ఆ మట్టిలోనే ఉన్నాయి.

బెత్తెడు లోతులో పురుగు గుడ్ల మీద ఒరిగి పడుకుని ఉంది. పైన టపటపమని చప్పుడు వినిపిస్తోంది, కింద మాత్రం మట్టి ఇంకా వేడిగానే ఉంది. ఎన్నో ఏళ్ళ దప్పిక కదా, పై మట్టి పడ్డ చినుకును పడ్డట్టే తాగేస్తోంది. కిందికి ఒక్కటీ రానివ్వడం లేదు.

"చాలా?" అని పైనుంచి అడిగింది ఆరుద్ర.

"పురుగు ఇంక రాలే బిడ్డా. కురువు," అంది కొంరవ్వ.

ఆరుద్ర కురిసింది. "సన్నబడుతున్ననవ్వా. ఇప్పుడు చాలా?"

"రాలే బిడ్డా."

కారుమబ్బు అయితే ఇక్కడ ఆగిపోయేది. చెరువు గట్టు మీది ఒప్పందం విన్న ఆరుద్ర మాత్రం నవ్వింది. "నాకేం భయం? పద్నాలుగో దినం దిగేదాన్నేనాయె!" అని, ఉన్నదంతా ఒక్కసారిగా గుమ్మరించింది.

కింద పురుగు వీపుకు చల్లగా ఏదో తగిలింది. అది ఉలిక్కిపడి లేచింది. తడి! పైనుంచి నెమ్మదిగా దిగుతోంది. మొదటి గుడ్డును తాకింది, రెండోదాన్ని తాకింది. ముడతలు పడ్డ పెంకులు మెత్తబడ్డాయి. ఒకటి చిట్లింది. సూది మొనంత తల ఒకటి బయటికి వచ్చి తల్లిని చూసింది. ఆ తల్లి సంతోషం నేను చెప్పలేను, మీరే అనుకోండి.

కొంరవ్వ మోకాలి ముందు మట్టి కదిలింది. చిన్న పెళ్ళ పక్కకు జరిగింది. పురుగు బయటికి వచ్చింది. దాని వెనక ఒక పిల్ల, దాని వెనక ఇంకొకటి, తర్వాత గుంపులు గుంపులుగా వచ్చాయి. నూట పన్నెండు! ఒక్కటి కూడా తగ్గలేదు.

"తడిసింది!" అని అరిచింది పురుగు. "బెత్తెడు లోతు తడిసింది! ఇది వాన!"

ఈసారి ఆ మాట కొంరవ్వ మళ్ళీ చెప్పాల్సిన పని లేకపోయింది. అంత చిన్న గొంతు గుట్ట దాకా వినిపించింది. కొంరవ్వ గుప్పెడు మట్టి తీసి పిసికింది. మట్టి ముద్ద కట్టింది. విత్తనానికి మంచి పదును! ఆమె ఆ ముద్దను చెంపకు ఆనించుకుని, నవ్వుతూ ఏడ్చింది, ఏడుస్తూ నవ్వింది. చెరువు తామరాకులు తోసేసి ఒళ్ళు విరుచుకుంది. కొంగలు రెండు కాళ్ళ మీదా చిందేశాయి. కప్ప డప్పు తీసింది, ఈసారి ఎవరూ వద్దనలేదు.

తాటితోపు మీద కారుమబ్బు కళ్ళు తెరిచి తనను తాను చూసుకుంది. నిజంగానే దూది పింజంత అయింది. కానీ చావలేదు. పైగా ఎప్పుడూ లేనంత తేలిగ్గా ఉంది. కాస్త సిగ్గుపడుతూ సముద్రం వైపు వెళ్ళింది, మళ్ళీ నీళ్ళు నింపుకుని వరసలో చివర నిలబడటానికి.

చెలక గట్టున తురాయి చెట్టు ఒకటి ఒళ్ళంతా పూసి ఉంది. అది సంతోషం పట్టలేక కొమ్మలన్నీ దులిపింది. ఎర్రని రేకలు గెలిచిన రోజు రంగులు చల్లినట్టు అందరి మీదా పడ్డాయి. ఒక రేక పురుగు తడి వీపు మీద పడి అతుక్కుంది. పిల్లల మీద కూడా తలొక ముక్క పడింది. ఎంత దులుపుకున్నా ఆ రంగు పోలేదు, ఆ మెత్తదనమూ పోలేదు.

"ఆరుద్రలొచ్చి చెప్పినవ్. ఇగ నీ పేరు ఆరుద్ర పురుగే," అంది కొంరవ్వ. అలా దానికి పేరు కూడా వచ్చింది.

కాకికి ఉత్సాహం ఆగలేదు. "అక్కా, ఇగ ఆ బండ మీద ఎప్పటికి నువ్వే కూసో! నీ అంత నికార్సైనది ఇంకెవరున్నరు?" అని అరిచింది. అవునవునంటూ అందరూ కేకలు వేశారు. గేదె అయితే పురుగును కొమ్ము మీద ఎక్కించుకుని గుట్ట వైపు రెండడుగులు కూడా వేసింది.

"దించు గేదక్కా," అంది ఆరుద్ర పురుగు. "నాకు కూడ పద్నాలుగు దినాలే."

ఆ పద్నాలుగు రోజులూ అది చెలకలన్నీ తిరిగింది. ప్రతి గట్టునా తడి చూసి, ఇక్కడ చాలింది, అక్కడ ఇంకా కావాలి అని ఉన్నదున్నట్టు చెప్పింది. పద్నాలుగో రోజు పొద్దుటికి పిల్లలను వెంటబెట్టుకుని, ఎవరూ పొమ్మనకుండానే, మట్టిలోకి దిగిపోయింది.

అప్పటినుంచే ఆకాశంలో ఏ మబ్బుకూ శాశ్వతంగా గద్దె లేదు, పద్నాలుగు రోజులకు కార్తె మారిపోతుంది. అప్పటినుంచే ఉరుములు ఎంత ఉరిమినా, కప్పలు ఎంత అరిచినా, రైతు తన కాళ్ళ దగ్గరి నేలనే చూస్తాడు. ఎర్రని ముఖమల్ పురుగు పైకి వచ్చి నడిచాకనే విత్తనాల కుండ దించుతాడు. ఆ పురుగు కూడా అంతే, చెప్పాల్సింది చెప్పి, తన రోజులు కాగానే మట్టిలోకి వెళ్ళిపోతుంది. దాన్ని దాచుకుందామని మీరు అగ్గిపెట్టెలో పెట్టి ఎంత మూసినా, అది ఉండదు.